పైనుంచి ఆర్డరు రావాలి

మా అక్క కొడుకు అశోక్‌నగర్‌లో ఇరుకు గది ఒకటి తీసుకుని గ్రూప్-1కు చదువుతున్నాడు. పోయిన ఆదివారం చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర చాయ్ తాగుతూ, ప్రాక్టీసుకు రాసిన వ్యాసం ఒకటి నా చేతిలో పెట్టాడు. వలస పాలన మన రాజకీయ వికాసం మీద చూపిన ప్రభావాన్ని చర్చించమని ప్రశ్న. పద్ధతిగా రాశాడు. ఒక పేజీ నిండా రైళ్ళు, ఇంగ్లీషు చదువు, కోర్టులు, పార్లమెంటరీ పద్ధతి. ఇంకో పేజీలో సంపద తరలింపు, కరువులు, విభజించి పాలించడం. చివర్లో "మిశ్రమ ఫలితాలు" అని ముక్తాయింపు.

"ఎట్లుంది మామా?"

"అన్నీ ఉన్నాయిరా. హైదరాబాద్ ఒక్కటే లేదు."

"మన దగ్గర బ్రిటిషోళ్ళు లేరు గద" అన్నాడు.

ఆ మాట వారం రోజులు నన్ను వదల్లేదు. వాడనేది తప్పని కొట్టిపారేయలేను. 1948 సెప్టెంబరు దాకా ఇక్కడ రాజ్యం ఆసఫ్‌జాహీలది. నాణెం వాళ్ళది, తపాలా బిళ్ళ వాళ్ళది, చివరికి రైలు కూడా వాళ్ళదే. అందుకే మన పుస్తకాల్లో వలస పాలన అంటే కలకత్తా, మద్రాసు, దండి. హైదరాబాద్ దగ్గరికి వచ్చేసరికి నిజాం, రజాకార్లు, పోలీసు చర్య అని కథ వేరే పాఠంలోకి వెళ్ళిపోతుంది. నాకేమో ఆ రెండూ ఒకే పాఠం అనిపిస్తుంది. వలస పాలన మనకు వదిలి వెళ్ళిన వాటిలో అన్నిటికంటే మొండిది, కిందివాళ్ళకు జవాబు చెప్పనక్కర్లేని, పైవాడికి చెప్పుకుంటే చాలనుకునే ప్రభుత్వం. అది ఎలా తయారైందో చూడాలంటే మద్రాసు కంటే హైదరాబాదే మంచి చోటు.

కోఠి బస్టాపు ఎదురుగా

కోఠి ఉమెన్స్ కాలేజీ తెలియని వాళ్ళుండరు. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు మీద మహిళా విశ్వవిద్యాలయం. లోపలున్న తెల్లటి మేడ 1800ల మొదట్లో బ్రిటిష్ రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో వాళ్ళ ప్రతినిధి, కిర్క్‌ప్యాట్రిక్ కట్టించుకున్నది. డబ్బు నిజాంది. పాలకుర్తిలో తన పొలం కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన మనిషి పేరు ఆ మేడకు పెట్టారు. బస్సులో వెళ్ళినప్పుడల్లా ఆ బోర్డు చూసి, ఎవరు ఆలోచించి పెట్టారో గానీ భలే పెట్టారనుకుంటాను. ఎందుకంటే దేశ్‌ముఖ్‌కు అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందని లాగుతూ పోతే, ఆ తీగ ఈ మేడ దగ్గరికే చేరుతుంది.

ఏ రాజైనా, ఎంత దుర్మార్గుడైనా, అంతకు ముందు కిందివాళ్ళతో బేరమాడక తప్పేది కాదు. పాలెగాడు ఎదురు తిరుగుతాడు, జమీందారు కప్పం ఎగ్గొడతాడు, శిస్తు భరించలేని రైతు రాత్రికి రాత్రి ఊరు ఖాళీ చేసి పక్క రాజ్యంలోకి పోతాడు. ఆ భయమే రాజును కాస్త అదుపులో పెట్టేది. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక ఆ భయం సగానికి పైగా తీరిపోయింది. ఎవరైనా తిరగబడితే కంపెనీ పటాలం వస్తుంది. దాని ఖర్చు భరిస్తే చాలు. భరించలేకపోతే భూమి రాసివ్వాలి. 1800లో బళ్ళారి, కడప వైపు ప్రాంతాలు అలాగే పోయి దత్తమండలాలయ్యాయి. 1853లో కంటింజెంటు సైన్యం బాకీ కింద బేరార్ పోయింది. ప్రజలు ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా రాజు గద్దె మీద ఉంటాడు, రెసిడెంటు ఒప్పుకోకపోతే ఉండడు. ఇలాంటి చోట తెలివైన రాజు ఎవరి ముఖం చూస్తూ బతుకుతాడు?

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని రెసిడెన్సీ మీదికి వెళ్ళారు. వాళ్ళ మీద కాల్పులు జరిపింది కంపెనీ సైన్యం. ఆ తర్వాత తుర్రెబాజ్ ఖాన్ తల మీద వెల కట్టి వెతికించింది నిజాం ప్రభుత్వం. కోఠిలో ఆయన పేరుతో చిన్న స్మారకం ఉంది, ట్రాఫిక్‌లో ఎవరూ చూడరు.

ఇక్కడ నా వాదనకు అడ్డం పడే విషయం ఒకటుంది, దాటేసి పోతే నిజాయితీ అనిపించుకోదు. ఆ మేడ పక్కనే ఉన్న సుల్తాన్ బజార్ ఒకప్పుడు రెసిడెన్సీ బజారు. 1933లో నిజాంకు తిరిగి ఇచ్చేదాకా అక్కడ చెల్లింది రెసిడెంటు మాటే. తెలంగాణలో తెలుగు చైతన్యానికి మొదటి మెట్టని మనం చెప్పుకునే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో పుట్టింది సరిగ్గా ఆ బజారులోనే. బయట నిజాం ఇలాకాలోనేమో సభ పెట్టుకోవాలన్నా ముందే అనుమతి తెచ్చుకోవాలని ఆ తర్వాతి కాలంలో 'గస్తీ నిషాన్ 53' అనే హుకుం కూడా వచ్చింది. అంటే తెల్లవాడు నేరుగా ఏలిన నాలుగు వీధుల్లో తెలుగువాడికి దొరికిన సందు, తెల్లవాడు వెనకనుంచి ఆడించిన రాజ్యంలో దొరకలేదు. మా వాడికి ఇది చెబితే, "ఐతే బ్రిటిషోళ్ళే నయమంటవా?" అన్నాడు. అనను. రెసిడెన్సీ బజారులో గాలి ఆడిందంటే, దాని చుట్టూ కిటికీలు మూయించిన వాళ్ళెవరో కూడా చెప్పుకోవాలి. తలుపు కాపలాకు పటాలం ఇచ్చినవాడు, లోపల ఏం జరుగుతోందో తనకు తెలియదంటే ఎలా?

కోస్తాలో పరిస్థితి వేరు. 1920లో మద్రాసు కౌన్సిలుకు ఎన్నికలు జరిగాయి, మంత్రులు వచ్చారు. ఆస్తి ఉన్నవాళ్ళకే ఓటు, అధికారాల్లో అసలైనవన్నీ గవర్నరు దగ్గరే. అయినా సభ పెట్టడం, పత్రిక నడపడం, ఓటు అడుక్కోవడం, ఓడిపోయి ఇంటికెళ్ళి మళ్ళీ రావడం జనానికి అలవాటయ్యాయి. తెలంగాణలో ఓటుతో ఏర్పడిన మొదటి మంత్రివర్గం 1952లో వచ్చింది. ముప్పై రెండేళ్ళ తేడా. ఈలోగా ఇక్కడి రాజకీయం భాషా సంఘం రూపంలో మొదలైంది. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ. గ్రంథాలయం, సభ, తీర్మానం అనే మెట్లన్నీ ఎక్కి, ఇక పైన తలుపు లేదని తెలిశాక తుపాకీ వచ్చింది. 1946 నుంచి 1951 దాకా. తెలంగాణ వాళ్ళకు ఆవేశం ఎక్కువని కొందరు తేలిగ్గా అనేస్తారు. అదే నల్లగొండ జనం ఓటు చేతికి రాగానే 1952లో రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పంపారు. దాన్ని ఏమనాలి?

పహాణీ, అడంగల్

మాది నల్లగొండ వైపు పల్లె, మా ఆవిడది కృష్ణా జిల్లా. మా ఇంట్లో ఒకే బీరువాలో రెండు రాజ్యాల కాగితాలున్నాయి. మా నాన్న సంచిలో సేత్వార్, ఖాస్రా పహాణీ, విరాసత్. మా మామగారి ఫైల్లో అడంగల్, వన్-బీ, మ్యుటేషన్. పెళ్ళైన కొత్తలో ఆమె "అడంగల్ తీయించారా?" అని అడిగితే నేను తెల్లముఖం వేశాను. పొలం పొలమే, పంట పంటే, కాగితం పేరే మారింది. ఒకరి పూర్వీకులు మద్రాసు కలెక్టరుకు శిస్తు కట్టారు, ఇంకొకరి పూర్వీకులు నిజాం కలెక్టరైన అవ్వల్ తాలూక్‌దారుకు కట్టారు.

తేడా పేర్లతో ఆగితే బాగుండేది. సాలార్‌జంగ్ 1860ల్లో జిల్లాలు ఏర్పరిచి, శిస్తు వసూలుకు గుత్తలు తీసేసి, సర్కారీ ఉద్యోగులను పెట్టాడు. మంచి సంస్కరణే. అప్పటిదాకా వసూలు చేసిన దేశ్‌ముఖులకు, దేశ్‌పాండేలకు ఊరికే పంపకుండా రుసుములు, వతన్లు ఇచ్చి సర్దిచెప్పారు. తర్వాత భూముల కొలతలు జరిగినప్పుడు లెక్క తెలిసిన వాళ్ళు, పాత దస్తావేజులు చేతిలో ఉన్నవాళ్ళు వాళ్ళే. మంచి మంచి సర్వే నంబర్లన్నీ వాళ్ళ పేర్ల మీదికి చేరాయి. రైతుకు తెలిసేసరికి తన తాత దున్నిన చెలక దొర పట్టాలో ఉంది. పెత్తనం, వెట్టి, కులం ఏవీ బ్రిటిష్ వాళ్ళు ఓడలో తెచ్చినవి కావు. అయితే నోటి మాటగా, బలాబలాలను బట్టి నడిచిన పెత్తనాన్ని కాగితం మీద రాసి, ముద్ర వేసి, ఆ ముద్రకు పటాలాన్ని కాపలా పెట్టిన పద్ధతి మాత్రం ఆ కాలానిదే. 'బాంచన్ దొరా, నీ కాల్మొక్త' అన్న మాట ఎంత పాతదో నేను చెప్పలేను. అన్నా అనకపోయినా ఒకటే అయిన పరిస్థితి ఎప్పటిదో చెప్పగలను.

నాన్న పోయాక విరాసత్, అంటే వారసుల పేరు మీదికి భూమి మార్పు, కోసం నేను తిరిగిన ఆఫీసు సంగతి కూడా చెప్పాలి. ఏ ఆఫీసో వద్దు, అన్నీ అలాగే ఉన్నాయి. ఒక సర్వే నంబరులో అర ఎకరం ఎగిరిపోయింది. సీట్లో కూర్చున్న అబ్బాయి మంచివాడే, కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు. "సార్, మీ భూమి ఏడున్నదో నాకెరుక, మీ నాయన నాకెరుక. గని కంప్యూటర్ల ఆప్షన్ లేదు. పైనుంచి రావాలె" అన్నాడు. పై ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ, "హైదరాబాద్ నుంచి రావాలె" అన్నారు. హైదరాబాద్‌లో ఉండే నేను వంద కిలోమీటర్లు వెళ్ళి ఈ మాట విని వచ్చాను. ఆ అబ్బాయికి నా మీద కోపం లేదు, లంచం అడగలేదు. తనకు తెలిసిన నిజం మీద సంతకం పెట్టే అధికారం తనకు లేదు, అంతే. కృష్ణా జిల్లాలో మా మామగారి మ్యుటేషన్‌కూ రెండేళ్ళు పట్టింది. అక్కడా అదే మాట, యాస వేరు.

అసలు ఇక్కడే నాకు తిక్కగా ఉంటుంది. ఒకచోట నేరు పాలన, ఒకచోట పరోక్ష పాలన. రాజకీయాలు అంత వేరుగా ఎదిగాయని పైన గంట సేపు చెప్పాను కదా, మరి ఆఫీసు రెండు చోట్లా ఒకేలా ఎందుకుంది?

ఎన్నిక కాని ముఖ్యమంత్రి

నాకు దొరికిన జవాబు 1950 నాటిది. ఆ ఏడాది జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజు, హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఎవరు? ఎం.కె. వెల్లోడి. బ్రిటిష్ కాలపు సివిల్ సర్వీసు, ఐసీఎస్ అధికారి. ఎవరూ ఓటు వేయలేదు. గవర్నరు లాంటి రాజ్‌ప్రముఖ్ పదవిలో పైన నిజామే ఉన్నాడు. గణతంత్రం మొదటి రోజున ఈ నగరం చూసిన ప్రజాస్వామ్యం అది. 1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావు వచ్చేదాకా అదే నడిచింది.

రెసిడెంటు పోయాడు, రెసిడెంటు అలవాటు ఢిల్లీ తీసుకుంది అని నేనంటే మా వాడు గొడవకు దిగుతాడు. "అప్పుడు రజాకార్ల గొడవ, సాయుధ పోరాటం, అప్పటికప్పుడు ఎన్నికలు ఎట్ల పెడ్తరు?" అని. వాడన్నదీ న్యాయమే. పటేల్ కూడా రాజ్యాంగ సభలో ఐసీఎస్‌ను వెనకేసుకొచ్చాడు, వీళ్ళు లేకపోతే దేశం నిలవదన్నాడు. విభజన, శరణార్థులు, ఐదువందలకు పైగా సంస్థానాల విలీనం ఒకేసారి మీద పడ్డప్పుడు, నడుస్తున్న బండిని విప్పి బాగుచేసే తీరిక ఎవరికుంటుంది? నడిచే యంత్రాన్ని అలాగే ఉంచుకున్నారు. రాజ్యాంగంలో పెద్ద భాగం 1935 చట్టం నుంచి వచ్చింది. ప్రావిన్సు మంత్రివర్గాన్ని పక్కనపెట్టి గవర్నరు తానే పాలించడానికి ఆ చట్టంలో 93వ సెక్షన్ ఉండేది. మన దగ్గర దానికి 356 అని నంబరు పడింది. తీరిక దొరికిన తర్వాత కూడా విప్పలేదు కదా అన్నది నా ఫిర్యాదు. కుర్చీ ఎక్కిన ప్రతివాడికీ ఆ యంత్రం నచ్చింది. దేశ్‌ముఖులకూ నచ్చింది. 1948 తర్వాత గడీల్లోకి తిరిగొచ్చిన దొరల్లో చాలామంది నెత్తిన గాంధీ టోపీ ఉంది.

వెల్లోడి కాలంలో మద్రాసు వైపు నుంచి, ఇంగ్లీషు వచ్చిన ఉద్యోగులను తెచ్చారు. ఉర్దూలో చదువుకున్న ఇక్కడి వాళ్ళు ఒక్కసారిగా చదువురాని వాళ్ళయ్యారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో పెట్టిన ఉస్మానియా పట్టా విలువ రాత్రికి రాత్రి మారిపోయింది. 1952లో ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడి వాళ్ళకేనని ముల్కీ గొడవ, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు. 1956లో పెద్దమనుషుల ఒప్పందం, 1969, 1972, ఆరుసూత్రాలు, 610 జీవో, చివరికి 2014 జూన్ 2. ఈ వరుస చదివేవాళ్ళకు కొత్త కాదు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ గొడవను ప్రాంతాల అసూయగానో, నాయకుల స్వార్థంగానో చూస్తే సగమే కనిపిస్తుంది. రెండు రకాల వలస పాలనను ఒక రాష్ట్రంగా కలిపి కుట్టినచోట పడ్డ కుట్టు అది. రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లోనే ఆ కుట్టు దగ్గర వేలు పెట్టి చూపింది. కోస్తా వాళ్ళు చదువులో ముందున్నారు, తెలంగాణ వాళ్ళకు భయముంది, తెలంగాణను ఇప్పటికి విడిగా ఉంచి 1961 ఎన్నికల తర్వాత ఆ శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే కలపమంది. అంటే ఇక్కడి వాళ్ళను అడగమంది. ఢిల్లీలో ఎనిమిది మంది పెద్దమనుషులు కూర్చుని ఒప్పందం రాసుకోవడమే తేలికనిపించింది.

ఇంకో చిన్న సంగతి. 2024 జూలై 1న ఐపీసీ పోయి కొత్త న్యాయ సంహిత వచ్చినప్పుడు వలస చట్టాలు పోయాయని టీవీల్లో సంబరం చేశారు. రాజద్రోహం అనే 124-ఏ పోయి 152 వచ్చింది. చదివి చూడండి, పోయిందో బట్టలు మార్చుకుందో. ఈ నగరంలో మాత్రం పోలీసు కమిషనరు నోటిఫికేషన్ ఇస్తే అందులో కనబడే చట్టం ఇప్పటికీ హైదరాబాద్ సిటీ పోలీస్ యాక్ట్, 1348 ఫసలీ. నిజాం చట్టం, నిజాం సంవత్సరం. దాన్ని వలస చట్టమనాలో, స్వదేశీ చట్టమనాలో టీవీ వాళ్ళెవరూ చెప్పలేదు.

నాకే నమ్మకం చాలని చోట్లు

అన్నిటికీ వలస పాలనే కారణమంటే పాకిస్తాన్ సంగతి చెప్పలేం. అదే 1935 చట్టం, అదే ఐసీఎస్, అదే సైన్యం. 1954లో అక్కడి రాజ్యాంగ సభను రద్దు చేసిన గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్, కొన్నేళ్ళ ముందు ఇదే హైదరాబాద్‌లో నిజాంకు ఆర్థిక మంత్రిగా చేశాడు. ఒకే రకం యంత్రం, ఒకచోట ఐదేళ్ళకోసారి దించే మనిషిని నడిపిస్తోంది, ఇంకోచోట దిగని మనిషిని. ఇక్కడ కాంగ్రెసుకు ఊరూరా మనుషులుండడం, ఓటు అనేది 1952లోనే అందరి చేతికీ ఇవ్వడం, ఇవి మనవాళ్ళు చేసిన పనులే. మంచికి మనం, చెడ్డకు తెల్లవాడు అనే లెక్క నాకు సిగ్గనిపిస్తుంది.

లక్ష్మీ అయ్యర్ అనే ఆర్థికవేత్త 2010లో ప్రచురించిన పరిశోధన కూడా ఉంది. బ్రిటిష్ వాళ్ళు నేరుగా ఏలిన ప్రాంతాల్లో బడులు, ఆసుపత్రులు, రోడ్ల వంటివి సంస్థానాల ప్రాంతాల కంటే తక్కువని ఆమె తేల్చారు. మైసూరు, తిరువాన్కూరు తలుచుకుంటే నిజమే అనిపిస్తుంది. మా ఊరిని తలుచుకుంటే అనిపించదు. కృష్ణా మీద ఆనకట్ట 1855 నాటికే వచ్చింది, మా తాత మాత్రం మొగులు చూస్తూ చచ్చిపోయాడు. సగటు లెక్కలో మా ఊరు ఎక్కడో మునిగిపోయి ఉంటుంది. లేదా నేనే మా ఊరిని పట్టుకుని వేలాడుతున్నాను.

వీటన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది మా అమ్మ. పైవాడికి తప్ప కిందివాడికి జవాబు చెప్పని ప్రభుత్వం అని నేను ఇంత రాశానా, ఆమెకు ఆ పైవాడి మీదే నమ్మకం. "సర్పంచు తోని కాదు బిడ్డా, వాడు దొర మనుమడు. కలెక్టరు సారు సంతకం పెడ్తె ఐతది" అంటుంది. ఊళ్ళను నెత్తికెత్తుకోవద్దని అంబేడ్కర్ రాజ్యాంగ సభలో అన్న మాటలు చదివినప్పుడు మా అమ్మే గుర్తొచ్చింది. ఊరికి అధికారం ఇవ్వడమంటే ఊళ్ళో ఎవరికి ఇచ్చినట్టు? దూరంగా ఉన్న, ముఖం తెలియని, ఊరి కులాలతో చుట్టరికం లేని అధికారి ఆమెకు కాస్త న్యాయంగా కనిపిస్తాడు. ఆ దూరాన్నే నేను జబ్బు అంటున్నాను. ఆమె అదే మందంటోంది. ఆమెకు చెప్పగల జవాబు నా దగ్గర ఇంకా తయారు కాలేదు.

మొన్న సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి అమ్మను తీసుకెళ్ళాలని ముందు రోజు రాత్రి అర్జీ రాయించాం. చేతిరాత బాగుంటుందని మా వాడినే రాయమన్నాను. సర్వే నంబరు, విస్తీర్ణం, పాత పహాణీ సంవత్సరం, అన్నీ చక్కగా రాశాడు. పైన మొదటి పంక్తి చూసి ఆగాను. "గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారి దివ్య సముఖమునకు" అని ఉంది. ఎవరు నేర్పారురా అంటే, ఎవరూ నేర్పలేదు, అర్జీ అంటే అట్లనే రాస్తరు అన్నాడు.

"సముఖం అంటే రాజుగారి ఎదుట అనిరా. కొట్టెయ్."

వాడు పెన్ను ఎత్తాడు. మంచం మీద నుంచి అమ్మ, "ఉండనియ్యిరా, ఉంటే ఏంబోయింది" అంది.

వాడు నా వైపు చూశాడు. అర్ధరాత్రి దాటింది, మళ్ళీ రాయాలంటే తెల్ల కాగితం లేదు. అలాగే మడిచి కవర్లో పెట్టాం.